ఎడిన్‌బరో నుంచి ఒక్కరోజులో హైలాండ్స్: ప్రైవేటు టూర్ ఎలా కుదుర్చుకోవాలి, దారి ఎలా ఎంచుకోవాలి

"ఎడిన్‌బరోలో మూడు రోజులుంటాం. అందులో ఒకరోజు హైలాండ్స్ చూడొచ్చా? అమ్మానాన్నలు కూడా వస్తున్నారు, బస్సు టూర్ వాళ్లకి కష్టం." స్కాట్లాండ్ వెళ్లేవాళ్లు నన్నడిగే ప్రశ్నల్లో సగం ఇదే. హైలాండ్స్ అంటే స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న కొండల ప్రాంతం. ప్రతిసారీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

చూడొచ్చు. కానీ ప్రైవేటు కారుకి డబ్బు కట్టి, మళ్లీ బస్సు టూర్ దారినే కొనుక్కునేవాళ్లే ఎక్కువ. మొదటిసారి నేనూ అదే చేశాను. అక్టోబరు చివర్లో అమ్మానాన్నలతో వెళ్తూ గ్లెన్‌కో లోయ, లాఖ్ నెస్ (లాఖ్ అంటే అక్కడి మాటలో సరస్సు), హ్యారీ పోటర్ సినిమాలో కనిపించే గ్లెన్‌ఫినన్ రైలు వంతెన, మూడూ ఒక్కరోజులో కావాలన్నాను. కారు కంపెనీవాళ్లు ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. పదమూడు గంటల ప్రయాణం. గ్లెన్‌కో లోయ వచ్చేసరికి అమ్మ నిద్రపోతోంది. లాఖ్ నెస్ ఒడ్డున కోటకి చేరేసరికి గేటు వేసేశారు. కారు పార్కింగ్‌లో నిలబడి నల్లటి నీళ్లకేసి చూస్తూ నాన్న, "చీకట్లో ఏ చెరువైనా ఒకటేరా" అన్నాడు.

ఆ తర్వాత వెళ్లినప్పుడల్లా ఒకే దారి పట్టుకుని, ఎక్కువసేపు ఆగుతూ వెళ్లాను. కింద రాసిందంతా ఆ పద్ధతే.

ముందుగా చేతిలో ఉండాల్సినవి

- యూకే విజిటర్ వీసా. స్కాట్లాండ్‌కి వేరే వీసా ఉండదు. యూరప్ తిరిగే షెంగెన్ వీసా ఇక్కడ పనికిరాదు.
- వాన ఆపే జాకెట్, తడిసినా జారని బూట్లు. ఇది జులైలో కూడా. గొడుగు నమ్ముకోకండి, ఆ కొండగాలికి తిరగబడుతుంది.
- మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్తే మిడ్జ్ పురుగులకి రాసుకునే మందు. కంటికి ఆనని చిన్న ఈగలు, గుంపుగా వచ్చి కుడతాయి. కాస్త గాలి వీస్తే ఎగరలేవు. గాలి ఆగిన తేమ సాయంత్రాల్లో మాత్రం నిలబడనివ్వవు.
- కార్డుతో పాటు కొద్దిగా చిల్లర. స్కాట్లాండ్ బ్యాంకులు సొంతంగా పౌండ్ నోట్లు అచ్చేస్తాయి. తిరిగి లండన్ వెళ్లేలోపు వాటిని ఇక్కడే ఖర్చు పెట్టేయండి, అక్కడి కొన్ని దుకాణాల్లో తటపటాయిస్తారు.
- పిల్లల ఎత్తు, వయసు. యూకేలో 12 ఏళ్లు నిండేదాకా, లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా, ఏది ముందైతే అది, కారులో చైల్డ్ సీటు ఉండాల్సిందే.
- కారులో తల తిరిగేవాళ్లుంటే వాళ్ల మాత్రలు. సరస్సుల పక్క రోడ్లు బాగా మెలికలు తిరుగుతాయి.

1. ముందు వెలుతురు లెక్క చూసుకోండి

ఎక్కడికి వెళ్లాలో తర్వాత చూద్దాం. జూన్‌లో ఎడిన్‌బరోలో తెల్లవారుజామున నాలుగున్నరకే సూర్యోదయం, రాత్రి పది దాకా వెలుతురు. డిసెంబరులో సూర్యుడు వచ్చేది దాదాపు 8:40కి, వెళ్లిపోయేది 3:40కి. అంటే చేతిలో ఉండేది ఏడు గంటలే. జూన్‌లో హాయిగా సాగే టూర్ డిసెంబరులో సగం చీకట్లోనే నడుస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లేవాళ్లు గ్లెన్‌కో ఆలోచన పక్కన పెట్టి, దగ్గరి దారుల్లో ఒకటి తీసుకోండి.

కొండలన్నీ ఊదారంగులో ఉండే హెదర్ పూలు కావాలంటే ఆగస్టు, సెప్టెంబరు మొదట్లో రావాలి. కానీ ఆగస్టులో ఎడిన్‌బరోలో పెద్ద కళా ఉత్సవాలు జరుగుతాయి. హోటళ్లు, కార్లు రెండూ దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. నన్నడిగితే మే నెల మంచిది, లేదంటే సెప్టెంబరు రెండోవారం.

2. ఒక్క దారే ఎంచుకోండి

ఎడిన్‌బరో నుంచి ఒక్కరోజులో వెళ్లిరాగలిగేవి మూడు దారులు. నాలుగోది అందరూ అడిగేది, నేను వద్దనేది.

దగ్గరి దారి: స్టిర్లింగ్, ట్రోసాక్స్ అనే కొండలు, సరస్సుల ప్రాంతం, లాఖ్ లోమండ్. స్టిర్లింగ్ 60 కిలోమీటర్లు, గంట. అక్కడి కోట ఎడిన్‌బరో కోటకి ఏమాత్రం తీసిపోదు. 1297లో స్టిర్లింగ్ వంతెన యుద్ధం, 1314లో బానక్‌బర్న్ యుద్ధం రెండూ ఈ చుట్టుపక్కలే జరిగాయి. అక్కడి నుంచి అరగంటలో క్యాలండర్ ఊరు. మైదాన ప్రాంతం అయిపోయి హైలాండ్స్ మొదలయ్యే భూపొర చీలిక ఈ ఊరి మీదుగానే పోతుంది. ఊరు దాటిన ఐదు నిమిషాలకే పొలాలు పోయి రోడ్డుకి రెండు పక్కలా కొండలు మీదకి వస్తాయి. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే ఇదే తీసుకోండి. మొత్తం నాలుగు గంటలు కారులో, మిగతా అంతా బయట.

తూర్పు దారి: డంకెల్డ్, పిట్లాఖ్రి ఊళ్లు, సరస్సుని పైనుంచి చూసే క్వీన్స్ వ్యూ, బ్లెయిర్ కోట. ఇదీ నాలుగు గంటల కారు ప్రయాణమే. అడవి, నది, చిన్న ఊళ్లు. డంకెల్డ్ దగ్గర హెర్మిటేజ్ అనే చోట పెద్ద డగ్లస్ ఫర్ చెట్ల మధ్య నడక దారి ఉంది. పిట్లాఖ్రిలో డ్యామ్ పక్కన సాల్మన్ చేపలు ఎగువకి ఎక్కడానికి కట్టిన మెట్లు చూడొచ్చు. కొండలు గ్లెన్‌కో అంత భీకరంగా ఉండవు. వాన రోజున మాత్రం ఈ దారే నయం, కోటలోనో కేఫ్‌లోనో దూరడానికి చోటుంటుంది.

దూరపు దారి: గ్లెన్‌కో. హైలాండ్స్ అనగానే మీ మనసులో మెదిలే బొమ్మ ఇదే. వెళ్లిరావడానికి దాదాపు ఆరున్నర నుంచి ఏడు గంటలు కారులోనే పోతాయి. పొద్దు ఎక్కువున్న నెలల్లో, నడవగలిగేవాళ్లతో వెళ్లండి. ఈ దారి గురించి ఏడో అంచెలో వివరంగా రాశాను.

ఇక లాఖ్ నెస్. వెళ్లిరావడానికి ఎనిమిది గంటలకి తగ్గదు. సరస్సు పొడవు 37 కిలోమీటర్లు, లోతు 230 మీటర్ల దాకా ఉంటుంది, కాదనను. కానీ ఒడ్డున నిలబడితే కనిపించేది పొడవాటి నీళ్లు, అంతే. దాని పేరు గొప్ప, దారిలో వదిలేసి వెళ్లేవి ఇంకా గొప్ప. తప్పదనుకుంటే ఎడిన్‌బరో నుంచి రైల్లో మూడున్నర గంటల్లో ఇన్వర్‌నెస్ వెళ్లి, ఒక రాత్రి ఉండి, అక్కడి నుంచి కారు మాట్లాడుకోండి.

3. చక్రాల లెక్క వేయండి

ఎవరు ఏ ప్లాన్ పంపినా చేయాల్సిన పరీక్ష ఇది. మ్యాప్‌లో ఒక్కో అంచెకి చూపించే సమయం రాసుకుని కూడండి. కొండదారి కాబట్టి గంటకి పది నిమిషాలు కలపండి. ఆగే ప్రతిచోటా దిగడానికి, ఎక్కడానికి, బాత్రూమ్‌కి మరో పది నిమిషాలు. పెద్దవాళ్లుంటే పదిహేను వేసుకోండి. ఇవన్నీ టూర్ మొత్తం సమయంలోంచి తీసేస్తే మిగిలేదే మీరు చూసే సమయం.

అది నాలుగు గంటలకి తక్కువైతే ఒక చోటు కొట్టేయండి. ఏది కొట్టేయాలో తేలకపోతే కోటని తీసేయండి. టికెట్టు, క్యూ, మెట్లు, మ్యూజియం అన్నీ కలిపి ఒక్క కోట రెండు గంటలు తినేస్తుంది. స్టిర్లింగ్ కోట, గ్లెన్‌కో ఒకే రోజు పెట్టిన ప్లాన్ ఎవరైనా ఇస్తే వాళ్లకి దారి తెలియకపోయి ఉండాలి, లేదా మీకు తెలియదని తెలిసి ఉండాలి.

4. మనిషిని ఎంచుకోవడం

ప్రైవేటు టూర్ పేరుతో రెండు రకాలు అమ్ముతారు. ఒకటి డ్రైవర్ మాత్రమే. తీసుకెళ్తాడు, ఆగమన్నచోట ఆగుతాడు, అంతే. రెండోది డ్రైవర్-గైడ్. నడుపుతూనే చరిత్ర, కథలు చెబుతాడు, కొండల పేర్లు చెబుతాడు. ధరలో తేడా బాగానే ఉంటుంది, బుక్ చేసేముందు ఏదో తేల్చుకోండి. స్కాట్లాండ్‌లో గైడ్లకి బ్లూ బ్యాడ్జ్ అనే గుర్తింపు ఉంది, చదివి పరీక్ష రాసి తెచ్చుకుంటారు. ఆ బ్యాడ్జ్ లేనివాళ్లలోనూ మంచివాళ్లుంటారు, కానీ ఉంటే ఒక భరోసా.

ధర మనిషికి కాదు, వాహనానికి. రోజంతటికీ కొన్ని వందల పౌండ్లు అవుతుంది. ఇద్దరికి ఇది విలాసమే. ఐదారుగురికైతే చిన్న బస్సు టూర్ టికెట్లన్నీ కూడి పక్కన పెట్టి చూడండి, తేడా మీరనుకున్నంత ఉండకపోవచ్చు. పైగా ఐదేళ్లలోపు పిల్లల్ని చాలా చిన్న బస్సు టూర్లలో ఎక్కించుకోరు.

అడ్వాన్సు కట్టేముందు ఈ నాలుగూ రాతపూర్వకంగా అడగండి. వాహనానికి కిరాయికి తిప్పే లైసెన్సు, ఇన్సూరెన్సు ఉన్నాయా? ధరలో పార్కింగ్, కోట టికెట్లు కలిసి ఉన్నాయా? అనుకున్న సమయం దాటితే గంటకి ఎంత? రోడ్డు మూసేస్తే దారి మారుస్తారా, డబ్బు వెనక్కిస్తారా? నాలుగింటికీ సూటిగా జవాబిచ్చినవాళ్లు ఒకట్రెండు పౌండ్లు ఎక్కువడిగినా వాళ్లనే పట్టుకోండి.

5. మెసేజ్ ఎలా పెట్టాలి

"మంచి ప్లాన్ చెప్పండి" అని అడిగితే అందరికీ పంపే ప్లానే మీకూ పంపుతారు. ఈ విషయాలు రాయండి: ఎంతమంది, వయసులు, ఎవరు ఎంతసేపు నడవగలరు, మెట్లు ఎక్కగలరా, తిండి విషయం, తేదీతో పాటు ఇంకో ప్రత్యామ్నాయ తేదీ. చివర్లో ఒక్క వాక్యం తప్పకుండా చేర్చండి: "ఎక్కువ చోట్లు అక్కర్లేదు, ఆగిన చోట ఎక్కువసేపు ఉండాలి." ఈ ఒక్క వాక్యంతోనే మీకొచ్చే ప్లాన్ మారిపోతుంది.

ఎక్కించుకునే చోటు కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఎడిన్‌బరో పాతబస్తీలో సందులు ఇరుకు, చాలాచోట్ల కారు ఆపనివ్వరు. హోటల్ అక్కడి ముఖ్య వీధి రాయల్ మైల్ మీదుంటే, కారు ఏ మూల ఆగుతుందో పేరు, ఫోటో తెప్పించుకోండి. పొద్దున్నే సూట్‌కేసులతో, పెద్దవాళ్లతో ఆ రాళ్ల రోడ్డు మీద వెతుక్కోవడమంత టెన్షన్ ఇంకోటి లేదు.

6. ముందురోజు సాయంత్రం

మెట్ ఆఫీస్ (యూకే వాతావరణ శాఖ) సైట్‌లో వాతావరణం చూడండి, కానీ ఎడిన్‌బరోది కాదు, వెళ్లే చోటుది. ఇక్కడ ఎండ కాస్తుంటే గ్లెన్‌కోలో కుండపోతగా కురుస్తుండొచ్చు. ట్రాఫిక్ స్కాట్లాండ్ సైట్‌లో మీ రోడ్డు నంబర్లు వెతకండి. గ్లెన్‌కోకైతే ఎ84, ఎ85, ఎ82. పిట్లాఖ్రికైతే ఎ9. కోట వెళ్లేట్టయితే టికెట్టు ఆన్‌లైన్‌లో కొని, చివరి ఎంట్రీ ఎన్నింటికో చూసుకోండి. మూసేవేళ కన్నా అది ముందుంటుంది. నా గేటు కథ గుర్తుంది కదా.

వాన పడుతుందని టూర్ మాత్రం రద్దు చేసుకోకండి. గ్లెన్‌కోలో వాన పడితే కొండల మీంచి ఎక్కడికక్కడ తెల్లటి ధారలు దిగుతాయి. ఎండ రోజున అవి ఉండవు. మబ్బు పూర్తిగా కిందకి దిగి కొండలే కనబడకపోతే మాత్రం డ్రైవర్‌తో మాట్లాడి తూర్పు దారికి మారండి.

7. ఆ రోజు: గ్లెన్‌కో దారి గంటల్లో

ఎక్కేముందు ఒక చిట్కా. గంటలకొద్దీ ప్రయాణంలో ఏ పక్క కూర్చున్నామన్నది చాలా తేడా తెస్తుంది. ఈ దారిలో ఎడమపక్క సీటు పెద్దవాళ్లకివ్వండి. వెళ్లేటప్పుడు లాఖ్ లుబ్‌నైగ్ ఎడమకే, గ్లెన్‌కోలో త్రీ సిస్టర్స్ కొండలు ఎడమకే, తిరిగొచ్చేటప్పుడు లాఖ్ లోమండ్ కూడా ఎడమకే. యూకేలో స్టీరింగ్ మనలాగే కుడివైపు కాబట్టి, ముందు సీటు కూడా ఎడమపక్కే వస్తుంది.

ఉదయం 8:00కి బయలుదేరండి. 9:15కి క్యాలండర్ దాటగానే కిల్‌మహాగ్ అనే చిన్న చోటు. ఊలు దుకాణం, కాఫీ, పక్కన పొలంలో జుట్టు కళ్ల మీద పడే హైలాండ్ ఆవులు. ఎర్రగోధుమ రంగు, మూరెడు బొచ్చు, రెండు పక్కలకి చాచిన కొమ్ములు. కంచె దగ్గరికి వచ్చి తడి ముక్కుతో ఊపిరి వదిలితే మీ చెయ్యి వెచ్చబడుతుంది. అక్కడ మా నాన్న ఫోన్ కూడా తీయకుండా పావుగంట నిలబడిపోయాడు. చేత్తో ఏమీ తినిపించకండి, కొమ్ముల దూరంలో పిల్లల్ని నిలబెట్టకండి.

11:00కి టైండ్రమ్ ఊరు. ఇక్కడ బాత్రూమ్ పని అందరూ ముగించుకోవాలి, అవసరం లేదన్నవాళ్లు కూడా. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

11:45కి ర్యానఖ్ మూర్ అనే పెద్ద బయలు. ఒక్క ఇల్లు లేదు, చెట్టు కూడా అరుదు. గోధుమరంగు గడ్డి, నల్లటి నీటి మడుగులు, రాళ్లు. చాలా ప్లాన్లలో ఇది కేవలం దారి, ఆగరు. మీరు ఆగమనండి. ఇంజిను ఆపించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. రోడ్డు అంచు వదిలి లోపలికి మాత్రం నడవకండి. గట్టి నేలలా కనిపిస్తుంది కానీ బురద ఊబి, బూటు లాగేస్తుంది.

మూర్ చివర్లో పిరమిడ్‌లా ఒంటరిగా నిలబడే కొండ బ్యూకెల్ ఎటివ్ మోర్. అది కనిపించిందంటే గ్లెన్‌కో వచ్చినట్టే. 12:15కి త్రీ సిస్టర్స్ దగ్గర పార్కింగ్. చిన్నది, మధ్యాహ్నానికి నిండిపోతుంది. దొరక్కపోతే రోడ్డు మీద ఆపమని డ్రైవర్‌ని ఒత్తిడి చేయకండి. అది లారీలు పోయే హైవే. కాస్త కిందకి వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు ఆగొచ్చు.

ఈ లోయలో ఒక పాత గాయం ఉంది. 1692 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున, రెండువారాలుగా మెక్‌డొనాల్డ్ వంశం ఇళ్లలో అతిథులుగా తిని పడుకున్న ప్రభుత్వ సైనికులే లేచి 38 మందిని చంపారు. ఇంకెంతోమంది మంచులో పారిపోతూ చనిపోయారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అనే మాట కూడా దీనికి చాలదు. గైడ్‌ని ఈ కథ లోయలో నిలబడి చెప్పమనండి, కారులో కాదు.

12:50 నుంచి 2:40 వరకు గ్లెన్‌కో విజిటర్ సెంటర్, భోజనం, చిన్న నడక. ఈ చుట్టుపక్కల చిన్న కేఫ్‌లలో వంటగది మధ్యాహ్నమే కట్టేస్తారు. "చూసొచ్చాక తిందాం" అంటే చివరికి బిస్కెట్లే గతి. శాకాహారులు సూప్ చెప్పేముందు అది చికెన్ నీళ్లతో చేశారేమో అడగండి. స్కాట్లాండ్ వంటకం హ్యాగిస్ అసలుది గొర్రె లోపలి మాంసంతో చేస్తారు. వెజిటేరియన్ హ్యాగిస్ కూడా చాలాచోట్ల దొరుకుతుంది, కారంగా బాగుంటుంది. పులిహోర కట్టుకెళ్లడం అన్నిటికన్నా సుఖం, కాకపోతే కారులో తినొచ్చో లేదో ముందే అడిగి తెలుసుకోండి.

2:40కి బయలుదేరితే 4:15కి లాఖ్ లోమండ్ ఒడ్డున లస్ ఊరు. ముప్పావుగంట ఒడ్డున నడిచి, టీ తాగి బయలుదేరితే ఏడు లోపు ఎడిన్‌బరో. ఎండ కాసిన శని, ఆదివారాల్లో ఈ సరస్సు రోడ్డు కిక్కిరిసిపోతుంది. ఆ రోజుల్లో లస్ వదిలేసి వచ్చిన దారినే తిరగండి.

సరిగ్గా సాగుతోందో లేదో ఎలా తెలుస్తుంది? ఒంటిగంటకి మీరు గ్లెన్‌కోలో ఉండాలి. లేకపోతే అప్పుడే లస్ కొట్టేయండి, సాయంత్రం దాకా ఆగి బాధపడొద్దు.

ఎక్కువమంది చేసే తప్పులు

విస్కీ డిస్టిలరీ కలిపేయడం. పర్యటన, రుచి చూడటం అంటే గంటన్నర పోతుంది. 18 ఏళ్లలోపువాళ్లకి రుచి ఉండదు. తూర్పు దారిలో పిట్లాఖ్రి దగ్గరైతే సరిపోతుంది, గ్లెన్‌కో రోజున వద్దు. డ్రైవర్‌ని మర్యాదకి కూడా ఒక గుక్క తాగమనకండి. తాగి నడపడంపై స్కాట్లాండ్ పరిమితి ఇంగ్లండ్ కన్నా కఠినం.

విమానం దిగిన మర్నాడే టూర్ పెట్టుకోవడం ఇంకో తప్పు. జెట్‌లాగ్‌లో అందరూ కొండల్నుంచి కొండల దాకా నిద్రపోతారు. కనీసం ఒకరోజు ఊళ్లో తిరిగాక పెట్టుకోండి.

మొహమాటం మూడోది. డబ్బు కట్టింది మీరు. వెచ్చటి కారు వదలబుద్ధి కాక, డ్రైవర్‌ని ఇబ్బంది పెట్టకూడదనుకుని, "ఇక్కడొక్క నిమిషం ఆపుతారా" అని అడగనివాళ్లు చాలామంది. అడగండి. ఆపగలిగే చోటు ముందెక్కడుందో వాళ్లకి తెలుసు.

ప్రైవేటు కుదరకపోతే

మన ఇండియా లైసెన్సుతో యూకేలో 12 నెలల దాకా కారు నడపొచ్చు, రోడ్డుకి ఎడమవైపే. కానీ లాఖ్ లోమండ్ ఉత్తర భాగంలో ఎ82 ఇరుకు, మెలికలు, ఎదురుగా బస్సులు. స్పీడు బోర్డులు మైళ్లలో ఉంటాయి. నడిపే మనిషికి కొండలు కనబడవు, రోడ్డే కనబడుతుంది. సొంతంగా నడపాలనుకుంటే తూర్పు దారి తీసుకోండి.

ఇద్దరే అయితే రైలు చూడండి. ఎడిన్‌బరోలోని వేవర్లీ స్టేషన్ నుంచి పిట్లాఖ్రికి రెండు గంటల లోపే. స్టేషన్ నుంచి ఊరు, డ్యామ్ అన్నీ నడక దూరం. దారిలో చాలా రైళ్లు 1890 నాటి ఫోర్త్ రైలు వంతెన మీదుగానే పోతాయి. ఆ వంతెన కోసమే కారు టూర్లలో క్వీన్స్‌ఫెరీలో ఆపి ఫోటో తీయిస్తారు.

టిప్పు సంగతి. తప్పనిసరి కాదు, బాగా చూసుకుంటే పది శాతం దాకా ఇస్తారు. ఓవర్‌టైమ్ అయిందంటే దిగేముందే ఎన్ని నిమిషాలో ఇద్దరూ ఒప్పుకుని, రసీదు ఫోన్‌కి పంపించుకోండి.